ఆ గది తాళం ఎవరి దగ్గరుంది?

అధ్యక్షుల వారికీ, లైబ్రరీ సిబ్బందికీ, పరీక్షల చదువు పక్కన పెట్టి వచ్చి కూర్చున్న పిల్లలకూ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యక్తిత్వ వికాస పుస్తకాల గురించి చెప్పమన్నారు.

ముందు నా బాకీ ఒప్పుకోవాలి. డిగ్రీ అయ్యాక కూడా నలుగురిలో నోరు విప్పాలంటే నాకు కాళ్లు వణికేవి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాణ్ని నేనే. ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో చెప్పే పెద్దదిక్కు లేదు. బస్టాండు పుస్తకాల షాపులో యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ కొన్నాను. ‘ఒరేయ్, నీవల్ల అవుతుంది’ అని మేనమామ భుజం తట్టినట్టు అనిపించింది. ఇంట్లో చెప్పేవాళ్లున్నవాళ్లు ఈ పుస్తకాలను తేలిగ్గా తీసేస్తారు. నేను తీసెయ్యలేను.

కానీ నా మనసులో నలుగుతున్నది వేరే. మా అక్క కొడుకు సంగతి. హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీలో ఉద్యోగ పరీక్షలకు మూడేళ్లు చదివాడు. కుర్చీ దొరకదని పొద్దున్నే వెళ్లేవాడు. రాసిన పరీక్ష రద్దయింది. మళ్లీ రాస్తే మళ్లీ రద్దయింది. గది ఖాళీ చేసి వచ్చినప్పుడు వాడి సంచిలో ఇలాంటి పుస్తకాలు ఆరున్నాయి. ఒకదాంట్లో, గట్టి సంకల్పం ఉన్నవాణ్ని ఏదీ ఆపలేదన్న వాక్యం కింద స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత. పక్కనే అంచులో పెన్సిలుతో చిన్న అక్షరాలు: ‘అయితే నాకు లేదేమో’.

చెప్పండి, పరీక్ష రద్దయితే వాడి సంకల్పం ఏం చేస్తుంది? నాన్నా, ఈ తప్పు నీది కాదు అని చెప్పే పేజీ ఆ ఆరింటిలో ఒక్కటీ లేదు. వెతికాను. రాత్రంతా కూర్చుని వెతికాను.

టైమైందని చీటీ వచ్చింది. రెండు నిమిషాలు ఓర్చుకోండి, ఇది చెప్పకుండా దిగలేను.

1859లో ‘సెల్ఫ్ హెల్ప్’ అని పుస్తకం వేసిన శామ్యూల్ స్మైల్స్ స్కాట్లాండ్ మనిషి, డాక్టరు చదువు చదివినవాడు. ఆ పుస్తకానికి మూలం ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఊళ్లో ఉంది. చలికాలం సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు పేదింటి కుర్రాళ్లు చేరి, తెలిసినవాడు తెలియనివాడికి చదువు చెప్పడం మొదలుపెట్టారు. వందమంది దాకా అయ్యారు. చోటు కావాలి. కలరా రోగులను ఉంచిన గది ఒకటి ఖాళీగా ఉంది. భయపడి ఎవరూ అటు పోవడం లేదు. వీళ్లు దాన్నే అద్దెకు తీసుకుని, బెంచీలు వేసి, దీపం పెట్టుకున్నారు. వాళ్లు పిలిస్తే స్మైల్స్ వెళ్లి చెప్పిన మాటల్లోంచే ఆ పుస్తకం వచ్చింది. వందమంది కూర్చున్న గదండీ అది! మన దాకా వచ్చేసరికి పుస్తకం మిగిలింది, గది పోయింది.

పిల్లలూ, ఆ పుస్తకాలు చదవండి, వద్దనను. ఒంటరిగా మాత్రం చదవకండి.

అధ్యక్షా, పై అంతస్తులో పాత పేపర్ల కట్టలు పడేసిన గది ఒకటుంది, ఇందాక కిటికీలోంచి చూశాను. నాకు శాలువా వద్దు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ గది వీళ్లకు ఇప్పించండి. కట్టలు మోయడానికి నేనొస్తాను. మా వాణ్నీ తీసుకొస్తాను, లెక్కలు బాగా చెబుతాడు. తాళం ఎవరి దగ్గరుందండీ?