ఫైర్‌వాల్ వెనక ఒకసారి టార్చ్ వేసి చూడండి

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ ఇంతకుముందే చదివారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. రేడియో కంట్రోల్ విమానాల్లో ఏఆర్‌ఎఫ్‌లు, అంటే దాదాపు సిద్ధమై వచ్చే మోడళ్లు, ఎలా ఎదిగాయో చెప్పమన్నారు.

1930ల చివర్లో అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 'గఫ్' అనే మోడల్‌ను రేడియోతో ఎగరేశారు. విమానమే కాదు, రేడియో కూడా వాళ్లు చేసుకున్నదే. తర్వాత చాలా ఏళ్లు కిట్ అంటే బాల్సా చెక్క, ప్లాన్ కాగితం. రెక్కకు ఆకారమిచ్చే రిబ్బులు కోయాలి, రెక్క పొడవునా ఉండే స్పార్‌కు అతికించాలి, సిల్కు చుట్టి, దాన్ని బిగుతుగా చేసే డోపు అనే ద్రవం పూయాలి. నెలలు పట్టేది. తొలి ఏఆర్‌ఎఫ్‌లలో ఫోమ్, ప్లాస్టిక్‌తో చేసిన బరువైనవి చాలా ఉండేవి. ఆ తర్వాత బాల్సాతోనే కట్టి, పైన ప్లాస్టిక్ ఫిల్మ్ కూడా వేసి ఫ్యాక్టరీ నుంచి పంపడం మొదలైంది. మనకు మిగిలింది రెక్కలు కలపడం, ఇంజిన్, విమానాన్ని తిప్పే పలకలను కదిపే సర్వో మోటార్లు బిగించడం. కొన్ని సాయంత్రాల పని.

కట్టనివాడు మోడలరే కాదని కొందరు పాతవాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. చెక్క కోసే తీరిక లేని ఎందరినో ఈ డబ్బాలే మైదానానికి తెచ్చాయి.

నా బాధ వేరు. ఒక మిత్రుడి కొత్త ట్రైనర్, అంటే ఎగరేయడం నేర్చుకునే విమానం, గాల్లో ఉండగా ఇంజిన్ ఫైర్‌వాల్‌తో సహా, అంటే ముక్కు దగ్గర దాన్ని బిగించే చెక్క పలకతో సహా, ఊడిపోయింది. రేడియో పనిచేస్తూనే ఉంది, ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక, ఎలివేటర్, కదులుతూనే ఉంది. కానీ ముక్కు బరువు పోయాక గురుత్వ కేంద్రం వెనక్కి జరిగింది. ఇక ఏ స్టిక్ తిప్పినా లాభం లేదు. శకలాలు ఏరి చూశాం. జిగురు పట్టి ఉంటే చెక్క పీచులు చిరిగి ఉండాలి. అతుకు నున్నగా ఉంది! ఆయన మాన్యువల్లో ఉన్నవన్నీ చేశాడండీ. ఆ అతుకు ఆయన వేసింది కాదు.

ఒక్కసారి చేతులెత్తండి: కొత్త విమానం కొన్నాక ఫైర్‌వాల్ వెనక టార్చ్ వేసి చూసినవాళ్లు ఎంతమంది? చూశారా, ఎంత తక్కువమందో!

ఫోమ్ మోడళ్లు, బ్రష్‌లెస్ మోటార్లు, లిపో బ్యాటరీలు, క్రిస్టల్ గొడవ లేకుండా చేసిన 2.4 గిగాహెర్ట్జ్ రేడియోల గురించి కూడా రాసుకొచ్చాను. అవి పక్కన పెడతాను, ఇది ముఖ్యం. ఫైర్‌వాల్ లోపలి మూలల్లో త్రికోణపు బాల్సా పెట్టి ఎపాక్సీ వేయండి. ఫ్యాక్టరీలో బిగించినదైనా సరే, కదిలే పలకలను పట్టి ఉంచే ప్రతి హింజ్‌నీ గట్టిగా లాగి చూడండి. గురుత్వ కేంద్రం మాన్యువల్ చెప్పిన చోటే ఉందో లేదో వేళ్ల మీద నిలబెట్టి తేల్చుకోండి. అనుమానముంటే కాస్త ముందుకే ఉంచండి. తయారీదారులను కూడా అడుగుదాం: ఆ అతుకు కంటికి కనిపించేలా కట్టండి, చేయి పట్టేంత సందు వదలండి.

ఇంకా ఎగరేయని డబ్బా ఎవరి దగ్గరైనా ఉంటే సభ అయ్యాక వెనక బల్ల దగ్గరికి తీసుకురండి. టార్చ్, ఎపాక్సీ నా దగ్గరున్నాయి.