క్లోమంలో తిత్తి: కొయ్యాలా, వదిలేయాలా?

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన నిర్వాహకులు ముందే చెప్పారు, "డాక్టర్ గారూ, జనాన్ని భయపెట్టకండి" అని. క్లోమం గురించి మాట్లాడుతూ ఆ మాట నిలబెట్టుకోవడం కష్టమే గానీ ప్రయత్నిస్తాను.

క్లోమం, అంటే పాంక్రియాస్, జీర్ణాశయం వెనకాల వెన్నెముక ముందు అడ్డంగా పడుకుని ఉంటుంది. పొట్ట నొక్కి చూస్తే తగలదు. అక్కడ క్యాన్సర్ మొదలైతే కామెర్లు వచ్చేదాకానో, మనిషి చిక్కిపోయేదాకానో బయటపడదు. అప్పటికి చాలామందికి ఆపరేషన్ దశ దాటిపోతుంది. అమెరికాలోనే ఐదేళ్లు బతికేవాళ్లు నూటికి 13 మంది.

అయితే ఇది రాత్రికి రాత్రి పుట్టే జబ్బు కాదు. మొదటి జన్యు మార్పు నుంచి అసలు క్యాన్సర్ కణం తయారవడానికి సగటున పదేళ్లకు పైనే పడుతుందని 2010లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు లెక్కగట్టారు. ఆ పదేళ్లలో పట్టుకోవాలి. చిక్కేమిటంటే, ముందస్తు మార్పుల్లో ఎక్కువ భాగం స్కాన్‌కు కనపడవు. కనపడేది ఒక్కటే, జిగురు నిండిన తిత్తి, అంటే సిస్టు. మా సర్జన్లకు సిస్టుల మీద అంత ఆసక్తి అందుకే.

కానీ సిస్టు కనపడిన ప్రతివాళ్లకీ కోసేద్దామా? వేరే పని మీద సీటీ తీయించుకున్న వందమందిలో ఇద్దరు ముగ్గురికి క్లోమంలో సిస్టు కనపడుతుంది. ఎమ్మారైలో ఇంకా ఎక్కువ, వయసుతో పాటు పెరుగుతుంది. గ్యాస్ ట్రబుల్ అని స్కానింగ్‌కి వెళ్లి, రిపోర్టులో ఆ మాట చూసి, గూగుల్ చేసుకుని, రాత్రంతా నిద్రపోకుండా టెన్షన్‌తో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎందరో. మన దగ్గర మద్యం వల్ల క్లోమం వాచి, తర్వాత నీరు చేరినవాళ్లూ ఉంటారు. దాన్ని సూడోసిస్టు అంటాం. అది క్యాన్సర్‌గా మారే రకం కాదు.

ఆపరేషన్ చిన్నదైతే అనుమానం వచ్చినప్పుడల్లా తీసేసేవాళ్లం. క్లోమం తలలో సిస్టుకు చేసే విపుల్ ఆపరేషన్‌లో క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత తీసి, మిగిలినవాటిని పేగుకు మూడు చోట్ల అతకాలి. పేరున్న సెంటర్లలోనూ నూటికి ఇద్దరు ముగ్గురు దక్కరు. కొందరికి కొత్తగా షుగర్ వస్తుంది.

ఇక్కడే అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో పనిచేసిన మాక్స్ ష్మిట్ అనే సర్జన్ పరిశోధన నాకు నచ్చుతుంది. ఎవరికి కొయ్యక్కర్లేదో తేల్చడానికి ఒక సర్జనే పూనుకోవడం! పల్చటి నీరుండే సిరస్ రకం సిస్టు దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు, కానీ స్కాన్‌లో ఒక్కోసారి ప్రమాదకరమైనదానిలాగే కనపడుతుంది. సిరస్ సిస్టులోని నీటిలో వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ బాగా ఎక్కువ ఉంటుందని ఆయన బృందం 2014లో చూపించింది. ప్రొటీన్ ఎక్కువ ఉందంటే కత్తి పక్కన పెట్టొచ్చు.

ఆ తర్వాత వాళ్లు గ్లూకోజ్ మీద పడ్డారు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో, అంటే నోట్లోంచి గొట్టం వేసి చేసే స్కాన్‌తో, సిస్టులోకి సన్నటి సూది పంపి తీసిన నీటిలో గ్లూకోజ్ డెసీలీటరుకు 50 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే అది చాలావరకు క్యాన్సర్‌గా మారే అవకాశమున్న జిగురు రకం. అదే నీటిలో సీఈఏ అనే ప్రొటీన్ కోసం ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పరీక్ష కన్నా ఇది ఎక్కువ కేసుల్ని పట్టింది. మీ ఇంట్లో వేలు గుచ్చుకుని చూసుకునే గ్లూకోమీటర్‌తో కూడా దీన్ని చూడొచ్చు! అంతకన్నా పాత పద్ధతి ఇంకోటుంది. గ్లవ్ వేసుకున్న రెండు వేళ్ల మధ్య ఆ నీటి చుక్క పెట్టి మెల్లగా విడదీస్తే, జిగురు రకమైతే బెండకాయ జిగురులా సెంటీమీటరు, అంతకన్నా ఎక్కువ సాగుతుంది. ఖర్చు సున్నా.

జిగురు రకమని తేలినా వెంటనే కోత కాదు. క్లోమం ప్రధాన నాళం 10 మిల్లీమీటర్లకు ఉబ్బిందా, సిస్టు లోపల 5 మిల్లీమీటర్లు దాటిన గడ్డ ఉందా, కామెర్లు వచ్చాయా అని చూస్తాం. ఇవేవీ లేకపోతే కొన్ని నెలలకోసారి ఎమ్మారై.

ఎన్నాళ్లు? ఐదేళ్లు మార్పు లేకపోతే ఆపేయొచ్చని 2015లో అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ చెప్పింది. చాలామంది సర్జన్లు ఒప్పుకోలేదు. ఆపరేషన్‌కు తట్టుకోగల మనిషైతే నేనూ ఆపను. ఎనభై దాటి, గుండె జబ్బున్న పెద్దాయన్ని మాత్రం ప్రతి ఆరునెలలకూ మెషీన్‌లో పడుకోబెట్టడం దేనికి? ఏం కనపడినా కొయ్యలేం కదా.

ఒక్క మనవి. స్కాన్ సీడీలు, ఫిల్ములు పారేయకండి. రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే సిస్టు పెరిగిందో లేదో చెప్పలేం, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి కొలవాలి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.