ఆరేళ్ల లాబ్రడార్‌కి గువ్వను తెచ్చివ్వడం నేర్పిన డమ్మీ: ఐదు నెలల తర్వాత నా రివ్యూ

నమస్తే అందరికీ. ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. గువ్వ సైజులో మెత్తటి ఫోమ్ ఒళ్లు, ముందు గట్టి ప్లాస్టిక్ తల. ఆ తల అతికించి ఉండదు, ఇలా వేలాడుతూ ఉంటుంది. వేటలో పడిన పిట్టను తెచ్చివ్వడం కుక్కకి నేర్పే డమ్మీ ఇది. కంపెనీ వాళ్లు ఏప్రిల్‌లో ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. బరువెంత, పొడవెంత, ఏ రంగుల్లో దొరుకుతుంది అన్నవన్నీ కింద లింకులో ఉన్నాయి, చాలామంది చూసే వచ్చుంటారు. మా బ్రూనోతో ఐదు నెలలు వాడాక నాకేం తెలిసిందో అది చెప్తాను.

ముందు ఒక మాట. నేనుండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన. ఇక్కడ గువ్వలకి సెప్టెంబర్ 1న వేట సీజన్ తెరుస్తారు. లైసెన్స్ ఉండాలి, రోజుకి 15 పిట్టలు దాటకూడదు. మన దేశంలో అలా కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఊళ్లో ఉన్న తమ్ముళ్లు కొందరు కంజు పిట్టలకి పనికొస్తుందా అని అడుగుతున్నారు. వద్దు తమ్ముడూ. కుక్కతో ఆడుకోవడానికైతే ఈ డమ్మీ బ్రహ్మాండంగా ఉంటుంది, అంతవరకే ఉంచండి.

నాకు కుక్క ఎందుకు కావలసి వచ్చిందో చెప్తాను. గువ్వ రంగు, ఎండిన జొన్న మోళ్ల రంగు ఒకటే. కిందటేడు ఒక పిట్టను కొట్టాను. పడిన చోటు కళ్లారా చూశాను. తీరా వెళ్తే కనపడలేదు. నలభై నిమిషాలు వెతికాను. కొట్టిన పిట్ట కోసం తగినంత వెతకాలని ఇక్కడి ఫెడరల్ రూల్ కూడా ఉంది, కానీ రూల్ సంగతి పక్కన పెట్టండి. ఒక ప్రాణం తీసి దాన్ని గడ్డిలో వదిలేసి రావడం నా వల్ల కాలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పుడే అనుకున్నాను, వచ్చే సీజన్‌కి బ్రూనోని తీసుకెళ్లాలని.

బ్రూనోకి ఆరేళ్లు. పుట్టి పెరిగిందంతా ఇంట్లోనే. వాడికి నేర్పిస్తానంటే మా బావగారు ఫోన్‌లో "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు. వాడు వంగకపోవడం నాకు సమస్య కాలేదు. ఆరేళ్లలో మేమే వాణ్ని ఒక పక్కకి వంచేశాం, అదీ అసలు చిక్కు. బంతి విసిరితే ఎగిరి పట్టుకుంటాడు, నోట కరుచుకుని సోఫా చుట్టూ పరిగెడతాడు, మా పాప వెంటపడుతుంది. వాడి లెక్కలో ఆటంటే అదే. దగ్గరికెళ్లి లాగితే వాడూ లాగుతాడు, తల అటూ ఇటూ ఝాడిస్తాడు. చేతికి పిట్టనివ్వాల్సిన కుక్క అలా చేస్తే ఆ పిట్ట వంటకి పనికిరాదు.

అందుకే ఈ వేలాడే తల గురించి నేను ఎంతసేపైనా మాట్లాడగలను. చూడండి, నేనే ఝాడించి చూపిస్తాను. టప్, టప్. ఆ గట్టి తల వచ్చి చెంపకి తగులుతుంది. దెబ్బ కాదు, చురుక్కుమనే పాటి తాకిడి. మొదటి రోజు బ్రూనో అలవాటుగా ఝాడించాడు, తల వచ్చి ముక్కు పక్కన తగిలింది. ఆగి, డమ్మీని కింద పెట్టి, దాని చుట్టూ ఒకసారి తిరిగి వాసన చూశాడు. మళ్లీ పట్టుకుని మళ్లీ ఝాడించాడు, మళ్లీ తగిలింది. మూడో సారి నెమ్మదిగా, నడుం దగ్గర, సరిగ్గా మధ్యలో పట్టుకున్నాడు. నేను ఒక్క మాట అనలేదు. "నో" అనలేదు, తాడు లాగలేదు. నాలుగో రోజుకి ఝాడించడం పూర్తిగా పోయింది. పెద్ద కుక్కని కోప్పడితే ముడుచుకుపోతుంది, దానికి మన గొంతులో తేడా బాగా తెలుసు. వస్తువే నేర్పితే మన మీద అనుమానం పెట్టుకోదు.

దీనికి ముందు రెండు రకాలు వాడాను. ఒకటి కాన్వాస్ గుడ్డది, బాగానే ఉండేది కానీ వాడు దాన్ని దిండులా నమిలేశాడు. రెండోది నారింజ రంగు ప్లాస్టిక్‌ది. గడ్డిలో నాకు బాగా కనపడుతుందని కొన్నాను, వాడికి కనపడలేదు. కుక్కలకి పసుపు, నీలం బాగా తెలుస్తాయి. ఎరుపు, నారింజ మాత్రం పచ్చగడ్డిలో కలిసిపోతాయి. వాసన పట్టి వెతికించాలంటే నారింజ మంచిదే. పడుతుండగా కుక్క చూడాలంటే తెలుపు, నలుపు కలిసినది కావాలి. ఈ డమ్మీ రెక్కల మీద తెల్ల చార ఉంది, గాల్లో ఎగురుతుంటే వాడి కళ్లు దాన్నే పట్టుకుంటాయి.

తిరిగి రావడం నేర్పింది మా ఇంటి నడవ. బెడ్‌రూమ్ తలుపులన్నీ మూసేసి, ఒక చివర నేల మీద కూర్చుని, రెండో చివరికి డమ్మీ విసిరేవాణ్ని. వాడికి నా దగ్గరికి రావడం తప్ప వేరే దారి లేదు. వచ్చాక ముఖ్యమైన సంగతి ఒకటుంది. వెంటనే లాక్కోకూడదు. నోట్లో ఉండగానే ఛాతీ నిమరండి, మెడ గోకండి, అర నిమిషం ఉంచుకోనివ్వండి. తెస్తే పోగొట్టుకుంటానన్న భయం వాడికి పోవాలి. ఆ తర్వాత కింద చెయ్యి పెట్టి "ఇవ్వు" అనాలి. మా ఇంట్లో నేను "డ్రాప్" అనేవాణ్ని, మా ఆవిడ "వదులు" అనేది, పాప "ఇచ్చెయ్" అనేది. ముగ్గురం కూర్చుని "ఇవ్వు" ఒక్కటే అనాలని ఒప్పందం చేసుకున్నాక వారంలో తేడా కనపడింది. పూటకి ఐదారు విసుర్లు, అంతే. ఇంకా కావాలని వాడు చూస్తుండగానే ఆపేయాలి. పైగా ఆరేళ్ల లాబ్రడార్‌కి కీళ్లు చూసుకోవాలి. డాక్టర్ గారు చెప్పినట్టు ముందు ఎనిమిది పౌండ్లు తగ్గించాకే పరుగులు పెట్టించాను.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. ఈ తాడు. విసరడానికని తోక దగ్గర బారెడు నైలాన్ తాడు పెట్టారు, చివర ముడి కూడా లేదు. ఒకటి, విసిరినప్పుడు వేళ్ల మధ్య కోసుకుంటుంది. ఇదిగో, ఈ గీత అదే. రెండోది అంతకంటే పెద్ద తప్పు. కుక్క ఒళ్లు వదిలేసి తాడు పట్టుకుంటుంది. బ్రూనో రెండో వారంలో అది కనిపెట్టాడు. తాడు నోట్లో, డమ్మీ నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాడు. అలా పడితే వేలాడే తలకి పనే లేదు, చెంపకి తగలదు. పైగా తాడు చూడగానే వాడికి పాత లాగుడాట గుర్తొచ్చింది. నడవలో రెండు వారాలు పడ్డ కష్టం రెండు రోజుల్లో వెనక్కి పోయింది. ఇంత బాగా ఆలోచించి తల తయారు చేసినవాళ్లు తాడు దగ్గర ఎందుకు ఆగిపోయారు? కంపెనీకి రాశాను కూడా. జవాబు వస్తే కింద పెడతాను. నేనైతే కత్తెర తీసుకుని మొదలంటా కోసేశాను. నడుం పట్టుకుని కింది నుంచి విసిరితే ముప్పై అడుగులు పోతుంది, పెద్ద కుక్కకి మొదట్లో అంతకంటే అక్కర్లేదు.

దీంతోపాటు ఒక వాసన సీసా ఇచ్చారు. రెండు సార్లు వాడాక పక్కన పెట్టేశాను. నిజమైన రెక్క ముందు అది నిలవదు.

రెక్క సంగతి ముఖ్యం. గువ్వ ఈకలు ముట్టుకుంటే ఊడి వస్తాయి. అవి నాలుకకి, చిగుళ్లకి అంటుకుంటాయి, అందుకే చాలా కుక్కలు గువ్వను ఉమ్మేస్తాయి. ఎంత బాగా నేర్చిన కుక్కైనా మొదటి గువ్వ దగ్గర ఆగొచ్చు. కిందటి సీజన్ రెక్కలు నేను ఫ్రీజర్‌లో దాచాను. జూలై నుంచి ఒక్కో జత కరిగించి, రబ్బరు బ్యాండ్లతో ఈ డమ్మీకి కట్టాను. ఫోమ్ మెత్తగా ఉండటం వల్ల బ్యాండ్ లోపలికి దిగి జారకుండా పట్టుకుంటుంది. ప్లాస్టిక్ దానికి ఎన్నిసార్లు కట్టినా ఊడిపోయేది. మొదటి మూడు రోజులు బ్రూనో పట్టుకోవడం, ఉమ్మేయడం. నాలుగో రోజు నోరంతా ఈకలతో తెచ్చి, నా చేతిలో పెట్టాడు.

తుపాకీ చప్పుడు గురించి తొందరపడకండి. కుక్క ఒకసారి జడిస్తే ఆ భయం పోగొట్టడం చాలా కష్టం. పక్కింటి పెద్దాయన రెండు వందల గజాల అవతల పేల్చేవాడు, ఇక్కడ బ్రూనో అన్నం తింటూ ఉండేవాడు. వారాల మీద దగ్గరికి తెచ్చాం.

సెప్టెంబర్ 1 సాయంత్రం. ఎండ మన రోహిణీ కార్తెను గుర్తు చేసింది, ఆరు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాను, పావుగంటకోసారి తాగించాను. చేను గట్టు మీద నాలుగడుగులు వేశాడో లేదో కుంటాడు. చూస్తే పల్లేరు కాయ! మన ఊరి చేలల్లో కాళ్లకి గుచ్చుకునేదే, అచ్చంగా అదే మొక్క, ఇక్కడ మేక తల అంటారు. మూడు కాయలు తీసి, మళ్లీ కూర్చోబెట్టాను. మూడో పిట్ట జొన్న మోళ్లలో పడింది. పంపాను. గాలికి ఎదురుగా ఒక చుట్టు తిరిగాడు, తల దించాడు, ఆగాడు. ఉమ్మేస్తాడేమో అని టెన్షన్. నడుం దగ్గర పట్టుకుని నేరుగా నడిచొచ్చాడు. "ఇవ్వు" అన్నాను. తడి పిట్ట, ఇంకా వెచ్చగా, ఒక్క పన్ను గాటు లేకుండా నా చేతిలో.

కాబట్టి కొనమనే చెప్తాను, ఇంట్లో అలవాట్లు పడిపోయిన పెద్ద కుక్క ఉన్నవాళ్లు తప్పకుండా. పెట్టె తెరిచిన రోజే తాడు కోసేయండి. నేను రెండోది నా డబ్బుతో ఆర్డర్ పెట్టాను, బాతు సైజుది. నవంబర్‌లో చెరువు దగ్గర నీళ్లలో పడేసి చూపిస్తాను.