రాత్రి తినకపోయినా పొద్దున షుగర్ ఎందుకు పెరుగుతోంది?

యాంకర్: దిల్‌సుఖ్‌నగర్ నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ, వినిపిస్తోందా? నాకు పదేళ్ల నుంచి షుగర్ అండి. రాత్రి అన్నం మానేశాను, చపాతీ కూడా మానేశాను, మా కోడలు పోరుపెడుతున్నా గ్లాసు మజ్జిగ తాగి పడుకుంటున్నాను. పడుకునే ముందు 130, లేచి చూస్తే 165! మిషన్ పాడైందేమోనని కొత్తది కొనిపించా, అదీ అంతే చూపిస్తోంది. నోట్లో ఏమీ వేయకుండా ఎక్కడినుంచి వచ్చిందండీ?

డాక్టర్: మీ లివర్‌లోంచమ్మా. ముందు టీవీ సౌండ్ తగ్గించండి. క్లోమంలో బీటా కణాలు ఇన్సులిన్ ఇస్తాయి, అది షుగర్‌ని తగ్గిస్తుంది. వాటి పక్కనే ఉండే ఆల్ఫా కణాలు గ్లూకగాన్ ఇస్తాయి, అది లివర్‌లో దాచిన గ్లూకోజ్‌ని బయటికి వదలమంటుంది. రాత్రంతా మెదడుకి గ్లూకోజ్ కావాలి కదా, అందుకు. తెల్లవారుజామున షుగర్‌ని పెంచే కార్టిసాల్ లాంటి హార్మోన్లూ పెరుగుతాయి. షుగర్ లేనివాళ్లకి ఇన్సులిన్ దీన్ని అదుపులో పెడుతుంది, మీకు అది చాలడం లేదు.

కాలర్: అయితే మజ్జిగ కూడా మానేయాలా?

డాక్టర్: మజ్జిగ ఏం చేసిందమ్మా పాపం! ఏం మాత్ర వేసుకుంటున్నారు?

కాలర్: గ్లిమిపిరైడ్, పొద్దునా రాత్రీ.

డాక్టర్: చూశారా, నేను ప్రతి వారం మొత్తుకునేది ఇదే. ఆ మాత్ర మీరు తిన్నా తినకున్నా ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. మాత్ర వేసుకుని భోజనం మానొద్దు. చెమటలు, వణుకు వస్తే వెంటనే చూసుకోండి, 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకి మళ్లీ చూడండి. రాత్రి మాత్ర సంగతి మీ డాక్టర్‌ని అడగండి, సొంతంగా ఆపకండి.

కాలర్: సరేనండి... మరి తినకుండా ఎలా పెరిగిందంటారు?

డాక్టర్: (నవ్వు) లివర్, అమ్మా, లివర్! రాత్రి కొంచెం తినండి. మీ కోడలు చెప్పిందే కరెక్టు.

యాంకర్: థాంక్యూ అమ్మా. ఉప్పల్ నుంచి ఇంకొకరు.

కాలర్: సార్, నర్సింగ్ చదువుతున్నాను. గ్లూకోజ్ నోటితో తాగినా, సెలైన్‌లో ఎక్కించినా ఒకటేనా?

డాక్టర్: భలే అడిగావమ్మా. రక్తంలో షుగర్ అంతే పెరిగినా, నోటితో తాగితే ఇన్సులిన్ చాలా ఎక్కువ వస్తుంది. పేగు ముందే క్లోమానికి కబురు పంపుతుంది, జీఎల్‌పీ-1, జీఐపీ అని రెండు హార్మోన్లతో. జీఎల్‌పీ-1 గ్లూకగాన్‌నీ తగ్గిస్తుంది, పొట్ట ఖాళీ అవడాన్నీ నెమ్మది చేస్తుంది. కానీ డీపీపీ-4 అనే ఎంజైమ్ రెండు నిమిషాల్లో దాన్ని విరిచేస్తుంది. షుగర్‌కి మనమిచ్చే గ్లిప్టిన్ మాత్రలు ఆపేది ఆ ఎంజైమ్‌నే.

యాంకర్: కూకట్‌పల్లి, త్వరగా అడగండి.

కాలర్: సార్, మా ఫ్రెండ్ సన్నబడ్డానికి వారానికో ఇంజక్షన్...

డాక్టర్: ఆ జీఎల్‌పీ-1 లాంటిదే, వారం నిలిచేలా తయారుచేశారు. ఫ్రెండ్ చీటీ మీద మీరు కొనొద్దు బాబూ. పరీక్షలు చేయించుకుని...

యాంకర్: టైమ్ అయిపోయింది డాక్టర్ గారూ, సారీ.