పెద్దమ్మ అడిగిన ప్రశ్న, అగరుబత్తి పొగ చెప్పిన జవాబు

[తెర మీద: చీకటి గది. పక్క నుంచి టార్చిలైటు వెలుగు. ఆ వెలుగులో అగరుబత్తి పొగ.]

నమస్తే అండీ. ముందు ఈ పొగను కాసేపు చూడండి. అప్పటిదాకా నేనేమీ మాట్లాడను.

[పది సెకన్లు మాటలు లేవు. పొగ పైకి లేచి, విరిగి, గదంతా పరుచుకుంటుంది.]

ఇది ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి ముందు గది. తలుపు వేసి ఉంది, కిటికీలు వేసి ఉన్నాయి, ఫ్యాను తిరగడం లేదు. అయినా బత్తి దగ్గర మొదలైన పొగ ఎదురు గోడ దాకా వచ్చేసింది. ఈ మూల కూర్చున్న నాకూ వాసన తెలుస్తోంది.

మా పెద్దమ్మ అడిగిన ఒక ప్రశ్న కోసం ఈ వీడియో చేస్తున్నాను.

కిందటి ధనుర్మాసంలో మా వీధి రామమందిరంలో రోజూ సాయంత్రం భజన జరిగింది. ఆ రోజుల్లో మాకు చలి ఎక్కువ. అందుకని మందిరం తలుపులు, కిటికీలు అన్నీ వేసేసేవారు. చలి ఒక కారణం, గాలికి దీపం కొండెక్కుతుందని ఇంకో కారణం. లోపల ముప్ఫై మంది దాకా ఉండేవారు. తాళాలు, డోలక్, హార్మోనియం, అందరూ గొంతెత్తి పాడటం. ఆ వారంలో ముందు వరసలో ఒకాయన దగ్గుతూనే పాడారు. పాపం, మానలేని భక్తి ఆయనది, నేను తప్పు పట్టను.

పెద్దమ్మకు ఆయాసం ఉంది. అందుకే ఆవిడ అందరికీ దూరంగా, వెనక గోడకు ఆనుకుని కూర్చునేవారు. ప్రసాదం కూడా ఇంటికి తెచ్చుకుని, చేతులు కడుక్కుని తినేవారు. అయినా నాలుగో రోజుకు జ్వరం వచ్చింది. మూడు రాత్రులు పడుకుంటే ఊపిరి ఆడక, దిండ్లకు ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపారు. పక్కన మేమంతా టెన్షన్‌తో మేలుకునే ఉన్నాం. కాస్త తేరుకున్నాక నన్ను పిలిచి అడిగారు: “నానెవుల్నీ ముట్టుకోనేదు, ఎవుల పక్కనా కూకోనేదు. మరి నాకెలాగొచ్చిందమ్మా?”

నేను పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. అయినా ఆ క్షణం నాకు వెంటనే మాట రాలేదు. ఎందుకంటే చేతులు కడుక్కో, దూరంగా కూర్చో అని ఆవిడకు చెప్పింది నేనే. గాలి సంగతి మాత్రం చెప్పలేదు.

[తెర మీద: నల్ల బోర్డు. మూడు చుక్కలు: పెద్దది, చిన్నది, కంటికి ఆనీ ఆననిది.]

మనం దగ్గినా, తుమ్మినా, మాట్లాడినా, ఊరికే ఊపిరి వదిలినా లోపలి నుంచి తడి కణాలు బయటికి వస్తాయి. వాటిలో పెద్దవి తుంపర్లు. మరీ సన్నగా ఉండి గాలిలో తేలేవాటిని పుస్తకాల్లో ఏరోసోల్ అంటారు. నేను మా క్లాసులో గాలినలుసులు అంటాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. మనుషులు మాట్లాడే మాటలోనే రాయాలని ఆయన ఎంత పోరాడారో తెలిసినవాళ్లం, ఈ చిన్న పేరైనా మన మాటలో పెట్టుకుందాం.

కొలత మైక్రాన్లలో చెబుతాను. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక మైక్రాన్. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 100 మైక్రాన్ల తుంపర నోటి నుంచి బయలుదేరితే ఐదారు సెకన్లలో నేల మీద పడిపోతుంది. 10 మైక్రాన్లదైతే అదే ఎత్తు దిగడానికి 8 నిమిషాలు పడుతుంది. 5 మైక్రాన్లదానికి అరగంట. 1 మైక్రాన్ నలుసుకు దాదాపు 12 గంటలు! అది కూడా గాలి బొత్తిగా కదలకపోతేనే. కానీ మనుషులున్న గదిలో గాలి కదలకుండా ఎలా ఉంటుంది? మన ఒంటి వేడికే గాలి పైకి లేస్తుంది, ఆ గాలితో నలుసులూ లేస్తాయి. కరోనా వైరస్ సైజు 0.1 మైక్రాన్. అంటే ఇంత సన్నటి నలుసులో కూడా దానికి చోటు ఉంది.

ఇంకో సంగతి. నోట్లోంచి వచ్చిన చిన్న తుంపరలోని నీరు బయటి గాలి తగలగానే ఆరిపోతుంది. అది కుంచించుకుపోయి తేలికపడుతుంది, ఇక త్వరగా కింద పడదు. విలియం వెల్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1934లోనే ఈ లెక్క వేసి చూపించాడు. తర్వాత ఆయనా, రిచర్డ్ రైలీ అనే డాక్టరూ బాల్టిమోర్‌లో ఒక ఆసుపత్రిని ఎంచుకున్నారు. టీబీ రోగుల వార్డులోని గాలిని గొట్టాల్లోంచి పైకి తీసుకెళ్లి, అక్కడ గినీ పందులు అనే చిన్న జంతువులను ఉంచిన గదిలోకి వదిలారు. వాటికీ రోగులకూ మధ్య ఆ గాలి తప్ప ఇంకేమీ లేదు. అయినా వాటికి టీబీ వచ్చింది. అదే గాలి మీద అతినీలలోహిత కాంతి పడేలా చేస్తే ఆ గాలి పీల్చిన జంతువులకు రోగం అంటలేదు. టీబీది వైరస్ కాదు, బ్యాక్టీరియా. కానీ ఊపిరి ఎక్కిన గాలి ఎంత దూరం పోగలదో ఇంతకన్నా స్పష్టంగా చూపించిన ప్రయోగం నాకు తెలియదు.

[తెర మీద: భజన మందిరం బొమ్మ. ముందు వరస నుంచి బూడిదరంగు పొగ వెనక గోడ దాకా పాకుతుంది.]

ఇప్పుడు భజన దగ్గరికి వద్దాం. గట్టిగా పాడేటప్పుడు గొంతులో స్వరతంత్రులు బలంగా కొట్టుకుంటాయి. నిదానంగా మాట్లాడేటప్పటి కంటే ఎన్నో రెట్లు నలుసులు బయటపడతాయి. 2020 మార్చి 10న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ లోయలో ఒక బృందం పాటలు సాధన చేసింది. మన భజన లాంటిదే, అందరూ కలిసి పాడటం అనుకోండి. 61 మంది, రెండున్నర గంటలు. వాళ్లలో ఒకరికి జలుబు లాంటి లక్షణాలు ఉన్నాయి. ఆ ఒక్క సాయంత్రం తర్వాత మిగతావాళ్లలో 52 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. దీన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు మా మందిరమే కళ్ల ముందు మెదిలింది.

అదే ఏడాది జనవరిలో చైనాలోని గ్వాంగ్జౌ నగరంలో ఒక హోటల్లో మూడు బల్లల దగ్గర కూర్చున్న మూడు కుటుంబాల్లో 10 మందికి కరోనా వచ్చింది. బయటి గాలి సరిగా రాని గది అది. ఏసీ ఆ మూడు బల్లల మీదా ఒకే గాలిని తిప్పి తిప్పి కొట్టింది. మన ఇళ్లలోని స్ప్లిట్ ఏసీ కూడా అంతే, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. బయటి గాలిని లోపలికి తేదు. ఇది చాలామందికి తెలియదు. పెళ్లిళ్ల సీజన్లో బరంపురం పట్టుచీరల షాపుల్లో అద్దాల తలుపులు వేసుకుని గంటలు గంటలు కూర్చుంటాం కదా, ఈసారి ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఇంత తెలిసినా ప్రపంచం ఎందుకు ఆలస్యం చేసింది? 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థే కరోనా గాలి ద్వారా వ్యాపించేది కాదని ప్రకటించింది. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి, గాలి సంగతి గుర్తించండి అని బహిరంగంగా రాశారు. తుంపర్లకూ గాలినలుసులకూ మధ్య గీత 5 మైక్రాన్ల దగ్గర గీయడం అనే పాత పొరపాటు పుస్తకాల్లో పాతుకుపోయింది. నిజానికి 100 మైక్రాన్లకు తక్కువైనవి ఎన్నో గాలిలో తేలుతూ ప్రయాణిస్తాయి. చివరికి 2024 ఏప్రిల్లో ఆ సంస్థ ఈ కణాలన్నిటికీ కలిపి కొత్త పదాలు ఖాయం చేసింది. ఆ నాలుగేళ్లలో మనం బల్లలు తుడుచుకున్నాం, కూరగాయలు కడిగాం, కిటికీలు మాత్రం వేసుకునే ఉన్నాం. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

[తెర మీద: మళ్లీ అగరుబత్తి. చెయ్యి దగ్గరికి, దూరానికి.]

దూరం పాటించడం వృథా అని నేను అనడం లేదు. చెయ్యి బత్తికి దగ్గరగా పెడితే పొగ దట్టంగా ఉంది, దూరం జరిపితే పలచబడింది. దగ్గే మనిషి ఎదురుగా కూర్చుంటే ప్రమాదం ఎక్కువే, పెద్ద తుంపర్లు కూడా మీద పడతాయి. కానీ మూసిన గదిలో గంట గడిచాక దగ్గరా దూరం తేడా తగ్గిపోతుంది. పెద్దమ్మ విషయంలో జరిగింది అదే అనుకుంటాను.

[తెర మీద: ఒక కిటికీ తెరుచుకుంటుంది.]

చూడండి. ఒక కిటికీ తెరిస్తే పొగ కదిలింది గానీ పోలేదు. ఇప్పుడు ఎదురుగా ఉన్న తలుపు కూడా తీస్తున్నాను... రెండు మూడు నిమిషాల్లో టార్చి వెలుగులో పొగ పలచబడిపోయింది. గాలి రావడానికి ఒక దారి, పోవడానికి ఇంకో దారి కావాలి. సీలింగ్ ఫ్యాను ఒక్కటే వేస్తే పొగ గదంతా కలిసిపోతుంది, బయటికి పోదు. టేబుల్ ఫ్యాను ఉంటే కిటికీలో బయటి వైపు తిప్పి పెట్టండి, లోపలి గాలిని తోసేస్తుంది. ఒక తేడా కూడా చెప్పాలి: వైరస్ కాలం గడిచేకొద్దీ చచ్చిపోతుంది, ఎండ తగిలితే ఇంకా త్వరగా. పొగ అలా కాదు. అన్నట్టు, ఈ బత్తి పొగ కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఆర్పేస్తున్నాను.

మాకు పెద్ద వైద్యం కావాలంటే బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖో వెళ్లాలి. కారు మాట్లాడుకుని, రోగితో పాటు నలుగురైదుగురు ఎక్కి, అద్దాలు వేసి, ఏసీ పెట్టుకుంటాం. ఏసీ బటన్ల దగ్గర కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం ఉంటుంది. అది నొక్కి ఉంటే లోపలి గాలే తిరుగుతుంది. దాన్ని ఆపండి, ముందొకటీ వెనకొకటీ అద్దాలు కాస్త దించండి. అంత చిన్న జాగాలో మూడు నాలుగు గంటలు ఆ గాలే పీలుస్తాం మరి.

మాస్కు గురించి నన్ను తరచూ ఒక మాట అడుగుతారు: వైరస్ 0.1 మైక్రాన్ అయితే ఎన్95 ఎలా ఆపుతుంది, రంధ్రాలు పెద్దవి కదా అని. ఎన్95 పిండి జల్లెడలా పనిచేయదు. దాని పీచులో విద్యుదావేశం ఉంటుంది, దారిన పోయే నలుసును లాగి పట్టేస్తుంది. పట్టడానికి అన్నిటికన్నా కష్టమైన 0.3 మైక్రాన్ల దగ్గరే 95 శాతం ఆపాలన్నది దాని పరీక్ష. అంతకన్నా సన్నటివి అటూ ఇటూ వణుకుతూ పోతాయి కాబట్టి పీచుకు ఇంకా తేలిగ్గా దొరుకుతాయి. అందుకే ఎన్95ను సబ్బుతో ఉతకకండి, ఆ ఆవేశం పోతుంది. గుడ్డ మాస్కు పెద్ద తుంపర్లను ఆపుతుంది, సన్నటివాటిని అంతగా ఆపదు. నీలం రంగు సర్జికల్ మాస్కులో వడపోత పొర మంచిదే, కానీ చెంపల పక్కన ఖాళీలు ఉంటాయి.

[తెర మీద: రామమందిరం, సాయంత్రం. రెండు వైపులా కిటికీలు తెరిచి ఉన్నాయి.]

ఈ పొగ ప్రయోగాన్ని మందిరంలో పెద్దవాళ్లకు చూపించాను. ఒక్కరు కూడా కాదనలేదు. “మరి దీపం మాటేటమ్మా?” అని మాత్రం అడిగారు. మా వీధిలో పాత లాంతర్లు బాగుచేసే తాతగారు ఒకరున్నారు. ఆయన గాజు చిమ్నీ ఒకటి తెచ్చి ప్రమిద చుట్టూ నిలబెట్టారు. ఇప్పుడు కిటికీలు తెరిచే భజన జరుగుతోంది. పెద్దమ్మ శాలువా కప్పుకుని కిటికీ పక్కన కూర్చుంటున్నారు, ప్రసాదం ఇంకా ఇంటికి తెచ్చుకునే తింటున్నారు.