‘పేరు కలుస్తలేదు’ అని కొట్టేసిన ఫైలు మళ్ళ ఎవరు చూస్తరు?

శ్రోతలందరికి నమస్కారం. నేను ముప్పై ఏండ్ల పైన సర్కారు నౌకరి చేసి రిటైరైన, మొదట్ల కరీంనగర్ దిక్కు, ఆఖరికి హనుమకొండల. పెన్షన్లు, సాయాల దరఖాస్తులు చూసే సెక్షన్ మాది. గుమాస్తాగ చేరి సూపరింటెండెంట్‌గ దిగిపోయిన, అంటే సగం సర్వీసు ఫైలు నడిపిన, సగం సర్వీసు వేరేవాళ్ళు నడిపిన ఫైలు చెక్ చేసిన. ఇయ్యాల ఆ చెకింగ్ గురించే మాట్లాడుత. దరఖాస్తు పెట్టుకున్నోళ్ళకు కౌంటర్ కనిపిస్తది, అక్కడ కూసున్న పిలగాడు కనిపిస్తడు, కానీ ఈ చెకింగ్ ఎక్కడ కనిపించదు, మంచిగ జరిగితే ఎవ్వరికి తెల్వది, జరగకపోతే మాత్రం ఎక్కడో ఒక ఇంట్ల నెల గడవది.

పని ఎట్ల నడుస్తదో ముందుగాల చెప్త. మీరు సెంటర్ల దరఖాస్తు ఇస్తరు, అక్కడి ఆపరేటర్ మీ కాయితాలు స్కాన్ చేసి వివరాలు ఎక్కిస్తడు, అది ఆఫీసుల క్లర్క్ లాగిన్‌ల పడతది, స్క్రీన్ మీద ఒక పక్క ఎక్కించిన వివరాలు, ఇంకో పక్క స్కాన్ కాపీ, రెండు పక్కపక్కన పెట్టి పేరు, భర్త పేరు, పుట్టిన తేది, ఆధార్, బ్యాంకు ఖాతా ఒక్కొక్కటి కలుస్తున్నయా లేదా అని చూసుకుంట పోవాలె, కలిస్తే పైకి పంపుడు, కలవకపోతే కారణం రాసి వాపస్ చేసుడు లేకపోతే రిజెక్ట్ కొట్టుడు. పైకి పోయినయి మాలాంటోళ్ళం మళ్ళ చూస్తం. బ్యాంకులల్ల ఇదే పద్ధతిని మేకర్, చెకర్ అంటరు, ఎంట్రీ చేసినోడే దాన్ని పాస్ చేసుకునుడు ఉండది. పాస్‌పోర్ట్ తీసుకున్నోళ్ళకైతే ఇంకా మంచిగ తెలుసు, ఏ కౌంటర్‌ల ఫోటో, వేలిముద్రలు తీసుకుంటరు, బీ కౌంటర్‌ల ఆఫీసర్ కాయితాలు చూస్తడు, సీ కౌంటర్‌ల ఇంకో ఆఫీసర్ ఇయ్యాల్నా వద్దా అని తేలుస్తడు. ఒకరి కన్ను తప్పినా ఇంకొకరి కన్ను పట్టుకోవాలె అని.

అన్ని ఫైళ్ళు ఒక్క మనిషి మళ్ళ చూసుడు అయ్యే పని కాదు. అందుకే కొత్తగ చేరినోళ్ళవి అన్ని చూస్తం, చెయ్యి తిరిగినోళ్ళవి పదిట్ల ఒకటో రెండో తీసి చూస్తం. ఆస్ట్రేలియాల సెంటర్‌లింక్ అని వాళ్ళ పెన్షన్లు, భృతులు చూసే ఏజెన్సీ ఉంది, అక్కడ కూడ లెక్క ఇదే, నేర్చుకునేటోళ్ళ పని ఎక్కువ చూసుడు, ఆరితేరినోళ్ళ పని శాంపిల్ తీసుడు. పద్ధతిల తప్పేం లేదు, నేను అట్లనే ఏండ్లకేండ్లు చేసిన, నా సెక్షన్ల తప్పులు తక్కువ అని మెచ్చుకున్నరు కూడ.

కానీ ఒకటి నాకు శాన లేటుగ తెలిసింది. మేం చూసేది అంతా పాసైన ఫైళ్ళే. రిజెక్ట్ కొట్టిన ఫైలు చెకింగ్‌కే రాదు, అది క్లర్క్ దగ్గర్నే ఆగిపోతది, స్క్రీన్ మీద ఎర్రగ ఒక లైన్, అంతే.

ఎందుకట్ల అంటే, ఆడిట్ భయం. అర్హత లేనోళ్ళకు పైసలు పోతే ఆడిట్ పారా పడతది, అంటే ఆడిట్ రిపోర్టుల మన తప్పు ఎక్కుతది, మెమో వస్తది, రికవరీ అంటరు, రిటైరయ్యే టైముల పడ్డదంటే మన పెన్షన్ కాయితాలే ఆగిపోతయి. అదే అర్హత ఉన్నోళ్ళకు పైసలు పోకపోతే ఏ పారా పడది. ఖజానాల పైసలు ఖజానాల్నే ఉన్నయి కదా, ఎవరు అడుగుతరు? ఇగ క్లర్క్ ఏం నేర్చుకుంటడు? అనుమానం ఉన్న ఫైలు పాస్ చేస్తే రిస్కు, రిజెక్ట్ చేస్తే సేఫ్. ఎవ్వరు నోటితోని చెప్పకపోయినా మా చెకింగే వాళ్ళకు ఆ పాఠం చెప్పింది, అండ్ల నా చెయ్యి ఉంది, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

మన దగ్గర పేరు కలవకపోవుడు ఎంత సులువో చూడుండ్రి. ఊర్లె లచ్చవ్వ అంటరు, ఓటర్ లిస్టుల లక్ష్మి, రేషన్ కార్డుల ఇంటిపేరు ముందుగాల, ఆధార్‌ల ఇంటిపేరు ఎనుక, బ్యాంకుల ఒట్టి పొడి అక్షరం, ఇగ ఇంగ్లీషుల రాసేకాడ ఒకడు ఎక్స్ పెడతడు, ఇంకొకడు కె, ఎస్, హెచ్ పెడతడు. మనిషి ఒక్కతే, కాయితాల మీద నలుగురు. పుట్టిన తేది తీసుకుందాం, బడికి పోని పెద్దోళ్ళు ఆధార్‌కు పోయినప్పుడు వయసు మాత్రమే చెప్తరు, మిషన్ ఆ సంవత్సరం జనవరి 1 వేసుకుంటది, అందుకే మన ఊర్లల్ల ఏ వాడకట్టుల చూసినా ముసలోళ్ళల్ల సగం మంది న్యూ ఇయర్ నాడే పుట్టినట్టు కనిపిస్తరు. ఇది వాళ్ళ మోసం కాదు, మనం పెట్టిన ఫారంల ఉన్న గుణం.

జిల్లాల సంగతి ఇంకోటి. 2016ల పాత వరంగల్ జిల్లా అయిదు ముక్కలైంది, 2019ల ములుగు వేరే జిల్లా అయింది, 2021ల వరంగల్ అర్బన్‌ను హనుమకొండ అన్నరు, రూరల్‌ను వరంగల్ అన్నరు. ఇల్లు కదలలే, మనిషి కదలలే, కానీ 2018ల తీసుకున్న సర్టిఫికెట్‌ల వరంగల్ రూరల్ అని ఉంటది, కొత్త దాంట్ల వరంగల్ అని ఉంటది. కొత్తగ వేరే జిల్లా నుంచి వచ్చిన పిలగాడు సీట్ల కూసుంటే అడ్రస్ కలుస్తలేదు అని కొట్టేస్తడు, వాన్ని తప్పు పట్టలేం, వానికి ఎవరూ చెప్పలే. అందుకే చెకింగ్ అంటే ఎవడు తప్పు చేసిండో పట్టుకునుడు ఒక్కటే కాదు, ఒకే తప్పు పది ఫైళ్ళల్ల వస్తుందంటే అది మనిషిది కాదు, ఫారందో, సర్క్యులర్‌దో, ట్రైనింగ్‌దో చూడాలె. నేను కొన్ని దినాలు ఎవరివి ఎన్ని తప్పులో నోటీసు బోర్డు మీద పెట్టించిన. అది మంచి పని కాదు. మరునాటి నుంచి అందరు తప్పులు దాచుకునుడు మొదలుపెట్టిండ్రు, డౌట్ వస్తే అడిగే పిల్లలు అడుగుడు బందు చేసిండ్రు. పదిహేను రోజులకు నేనే పీకేసిన.

రిజెక్ట్ అయినయి చూడకపోతే ఏమైతదో మన రాష్ట్రం మొత్తానికి అనుభవమే. తెలంగాణల 2016 నుంచి రద్దయిన రేషన్ కార్డులు, 19 లక్షల దాకా, ఫీల్డ్‌కు పోయి మళ్ళ వెరిఫై చెయ్యుండ్రి అని 2022 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు చెప్పింది. కంప్యూటర్‌ల డేటా కలిపి చూసి కార్డులు తీసేసిండ్రు, ఇంటికి పోయి చూసినోళ్ళు లేరు అన్నదే అక్కడ పంచాయతి. ఆస్ట్రేలియాల కూడ 2015 నుంచి ఇట్లాంటిదే నడిచింది, రోబోడెట్ అన్నరు, ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు, అంటే రెండేసి వారాలకు, సమానంగ పంచేసి, నువ్వు భృతి ఎక్కువ తీసుకున్నవ్ వాపస్ కట్టు అని కంప్యూటరే నోటీసులు పంపింది. సీజన్ల పని చేసేటోని ఆదాయం ప్రతి పక్షం ఒకే తీరు ఉంటదా? మన వరంగల్ ఏనుమాముల మార్కెట్ల హమాలీని అడుగుండ్రి, మిర్చి వచ్చే నెలల ఎంత, వానాకాలం ఎంత అని. 2023ల అక్కడి రాయల్ కమిషన్ అది చట్టం ప్రకారం నిలబడేది కాదని తేల్చింది. ఇంతకుముందు ఆ లెక్కలు మనుషులు చూసేటోళ్ళు, ఆ చూపు తీసేసినకాన్నే దెబ్బ తగిలింది.

అమెరికా పద్ధతిల ఒకటి నాకు నచ్చింది. అక్కడ పేదోళ్ళకు తిండి సాయం ఇచ్చే స్నాప్ అనే స్కీం ఉంది, పాతకాలంల ఫుడ్ స్టాంప్స్ అనేటోళ్ళు. అండ్ల క్వాలిటీ కంట్రోల్ కోసం ప్రతి రాష్ట్రం శాంపిల్ ఫైళ్ళు తీస్తది, సాయం అందుతున్నోళ్ళవి వేరే, కొట్టేసినోళ్ళవి, ఆపేసినోళ్ళవి వేరే, రెండు రకాలు తీసి చూస్తరు. ఇంకోటి, ఎక్కువ ఇచ్చిందే కాదు, తక్కువ ఇచ్చింది కూడ తప్పు కిందనే లెక్క. నాకు ఇది సర్వీసు అయిపోయే ముందు తెలిసింది, ముందే తెలిస్తే బాగుండు అనిపించింది.

అప్పటికి నేను సొంతంగ ఒకటి మొదలుపెట్టిన. ప్రతి శుక్రవారం లంచ్ తర్వాత ఆ వారం రిజెక్ట్ అయినయి పది తీసుడు. క్లర్క్ పేరు కనిపించకుండ ప్రింట్ తీయించేటోన్ని, ఎందుకంటే మంచి పనోడు అని పేరున్న మనిషి ఫైలు వస్తే మన కన్ను దానంతట అదే జారిపోతది, చూసినట్టే ఉంటది కానీ చూడం. మొదటి వారమే నాకు తల తిరిగింది. రిమార్కులల్ల ‘డాక్యుమెంట్స్ సరిగ లేవు’ అని ఉంది. ఏ డాక్యుమెంట్? ఏం సరిగ లేదు? ఏం తెచ్చుకుంటే సరి అయితది? ఆ ఒక్క లైన్ చదివి పెట్టుకున్నోళ్ళు ఏం చెయ్యాలె?

ఆ పదిట్లనే ఒక బీడీల అవ్వ ఫైలు. పేరు కలుస్తలేదు, పుట్టిన తేది కలుస్తలేదు, రిజెక్ట్. పదకొండు నెలల కింద ఒకసారి, మళ్ళ ఆ వారం రెండోసారి. ఫైలుల ఉన్న నంబర్‌కు ఫోన్ చేస్తే ఎవరో పిలగాడు ఎత్తిండు, దరఖాస్తు ఎక్కించిన సెంటర్ ఆపరేటర్. అవ్వకు ఫోన్ లేదని తన నంబరే కొట్టిండట, ఆమెకే కాదు, అట్ల శాన మందికి కొట్టిండట. మెసేజ్‌లన్ని వానికే వచ్చినయి, అవ్వకు ఎందుకు రాలేదో చెప్పే మనిషే లేడు. వాన్నే బతిమిలాడి అవ్వను పిలిపించిన.

సోమవారం వచ్చింది, కొడుకు బిడ్డను తోలుకొని. ప్లాస్టిక్ కవర్ల మూడు మడతలు పెట్టిన బీడీ కంపెనీ గుర్తింపు కార్డు తీసింది, అంచులు పసుపెక్కినయి, ఫోటోల నల్లటి జడతోని ఉంది, పేరు లచ్చవ్వ. ఆధార్‌ల లక్ష్మి. భర్త పేరు రెండిట్ల ఒకటే, ఊరు ఒకటే, పీఎఫ్ నంబర్ ఉంది. వేలు పెట్టమంటే మిషన్ తీసుకోలే, నలభై ఏండ్లు తునికాకు కత్తిరించి తంబాకు నింపి దారం చుట్టిన వేళ్ళు, కొసలు నున్నగ అరిగిపోయినయి. నాలుగో వేలికి తీసుకుంది. ‘సారూ, నేను లచ్చవ్వనే, లక్ష్మి అని బడి పంతులు రాసిండు మా అన్నతోని’ అన్నది. ఫైలుల ఆ రెండు పేర్లు ఒక్క మనిషివే అని విచారణ నోట్ రాసి పైకి పంపిన, క్లర్క్ రాయాల్సిన నోట్ అది, అయిదు లైన్లు.

శ్రోతలకు ఒకటి చెప్త, ఇది పనికొచ్చే ముచ్చట. దరఖాస్తు ఇచ్చేటప్పుడు స్క్రీన్ మీద ఎవరి ఫోన్ నంబర్ కొట్టిండ్రో చూసుకోండ్రి, మీది లేకపోతే ఇంట్ల వాళ్ళది. రిజెక్ట్ అయితే కారణం రాతల ఇయ్యమని అడుగుండ్రి. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4ల ఉంది, ఒక నిర్ణయం ప్రభావం పడ్డోళ్ళకు ఆ నిర్ణయానికి కారణాలు చెప్పాలె అని, అది మీరు బతిమిలాడి తీసుకునేది కాదు. రాసి అడిగితే 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె, పేదరికం రేఖ కింద ఉన్నోళ్ళకు ఫీజు లేదు. సోమవారం నాడు కలెక్టరేట్‌ల ప్రజావాణి ఉంటది, అక్కడ కూడ ‘నాకు పెన్షన్ వస్తలేదు’ అని ఊకె చెప్పకుండ్రి, ‘ఈ తేది నాడు ఈ కారణం రాసి కొట్టేసిండ్రు, నా దగ్గర ఈ కాయితం ఉంది’ అని చెప్పుండ్రి, ఫైలు కదిలే తీరు వేరే ఉంటది.

సీట్లల్ల కూసున్న తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఎవరన్న వింటుంటే మీకు కూడ ఒక మాట. రిమార్క్ రాసేటప్పుడు ఏం తెచ్చుకోవాల్నో అది రాయుండ్రి. ‘ఆధార్‌ల లక్ష్మి, కార్డుల లచ్చవ్వ, ఇద్దరు ఒక్కరే అని ధ్రువీకరణ కావాలె’ అని రాస్తే ఇంకో అర నిమిషం పడతది. సూపరింటెండెంట్లు వారానికి పది కొట్టేసిన ఫైళ్ళు తియ్యుండ్రి, దీనికి జీవో అవసరం లేదు, నేను ఎవ్వర్ని అడగలే.

లచ్చవ్వకు తర్వాతి నెల నుంచి పెన్షన్ వచ్చింది. కొట్టేసిన ఆ పదకొండు నెలలది ఇప్పియ్యాలని నోట్ పెట్టిన, మంజూరైన నెల నుంచే ఇస్తరు, ఎనుకటిది ఇచ్చే రూల్ లేదు అని వాపస్ వచ్చింది. ఆ సంగతి ఆమెకు ఫోన్ల చెప్పలేక ఊరికి పోయి చెప్పిన. అరుగు మీద చాట ఒళ్ళె పెట్టుకొని బీడీలు చేస్తుంది, చెయ్యి ఆపకుంటనే ఇన్నది.

నమస్కారం.