ఫైలు ఏ బల్ల మీద ఆగింది?

తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

యూనివర్సిటీ గురించి మాట్లాడమని పిలిచారు. ముందు ఒక ఊరి సంగతి చెబుతాను.

డిగ్రీ అయ్యాక, పీజీ సీటు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీకి వెళ్లాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన తనిఖీలవి. కూలికి వెళ్లే ఇళ్లలో నాలుగు అక్షరాలు వచ్చిన పిల్లలకు తర్ఫీదు ఇచ్చి, మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, జిరాక్సులు చేతిలో పెట్టి పంపేవారు. నన్ను మా ఊరికి పంపలేదు, వేరే ఊరికి పంపారు. ఇంటింటికీ తిరిగి పేరు, తేదీ, కూలి డబ్బు చదివి వినిపించడం పని. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ వింటున్నాడు. ఒక తేదీ చదవగానే చెయ్యెత్తి ఆపాడు. "ఆ దినం మా పిల్ల పెళ్లి గదమ్మా! ఊరంత మా ఇంట్లనే తిన్నది. నేను తట్ట ఎప్పుడు మోసిన?"

ఆయనకు చదువు రాదు. అయినా కాగితంలో తప్పెక్కడుందో వినగానే పట్టుకున్నాడు. వారం తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టినప్పుడు, అధికారులందరి ముందూ మైకు పట్టుకుని అదే మాట మళ్లీ చెప్పాడు.

తర్వాత పీజీలో చేరాను. సర్వే ఎలా చేయాలో, శాంపిల్ ఎలా తీయాలో, బ్యాలెన్స్ షీట్ ఎలా చదవాలో అక్కడే నేర్పారు. ప్రాజెక్టు వర్కు పేరుతో తండాలకు వెళ్లాం, మురికివాడలకు వెళ్లాం. మీ నెల ఆదాయమెంత, అప్పెంత అని ముక్కూమొహం తెలియని ఆడవాళ్లను అడిగాం. పాపం, వాళ్లు చెప్పారు. మా యూనివర్సిటీ బడ్జెట్ ఎంతో, పాలకమండలిలో ఎవరున్నారో మాత్రం మాలో ఒక్కరికీ తెలియదు. మన ప్రశ్నపత్రం ఎప్పుడూ మనకంటే బలహీనుల ముందే తెరుచుకుంటుంది. ఈ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

నేను చదివిన యూనివర్సిటీ పేరు చెప్పను. అక్కడ ఏటా ఒకటే తంతు. రీవాల్యుయేషన్ ఫలితాలు సప్లిమెంటరీ ఫీజు గడువు దాటాకే వచ్చేవి. రీవాల్యుయేషన్‌లో పాసయ్యేవాళ్లు కూడా భయంతో ముందే సప్లీ ఫీజు కట్టేసేవాళ్లు. ఏటా పరీక్షల విభాగం ముందు ధర్నా చేసేవాళ్లం. "దిద్దేవాళ్లు దొరకడం లేదమ్మా" అని కౌంటర్లో గుమాస్తా చెప్పేవాడు. మేం ఆయన మీద అరిచి వచ్చేవాళ్లం.

ఆ ఏడు నేనూ నా ఇద్దరు రూమ్మేట్లూ సమాచార హక్కు దరఖాస్తు వేశాం. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. నాలుగు తేదీలు అడిగాం: పేపర్లు దిద్దడానికి వెళ్లిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, ఫలితాల ఫైలు పెట్టిన తేదీ, దాని మీద ఆఖరి సంతకం పడ్డ తేదీ. పోస్టల్ ఆర్డర్ మీద అధికారి హోదా తప్పుగా రాశారని మొదటిసారి తిప్పి పంపారు. రెండోసారి వేస్తే ముప్పై రోజులు గడిచినా జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాక, వచ్చి ఫైలు చూసుకోండని కబురొచ్చింది.

ఒక ఇరుకు గది, ట్యాగు కట్టిన ఫైలు, ఆకుపచ్చ నోట్ షీట్లు. పేపర్లు సకాలంలోనే తిరిగొచ్చాయి. "ఫలితాల విడుదలకు అనుమతి కోరడమైనది" అని ఒక వాక్యం, దాని కింద మార్కులు అందిన రోజు తేదీతోనే ఒక సంతకం. మేం ఏటా ఎవరి మీద అరిచామో ఆ గుమాస్తాది. ఆ పైన సంతకానికి అయిదు వారాలు పట్టింది. మధ్యలో ఒక ప్రశ్న లేదు, ఒక అభ్యంతరం లేదు, ఖాళీ కాగితం. నా రూమ్మేట్ ఆ ఖాళీ మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఆ నాలుగు తేదీలూ తెల్లకాగితం మీద రాసి హాస్టల్ నోటీసు బోర్డుకు అంటించాం. కింద ఒక్క వ్యాఖ్య కూడా రాయలేదు. మరుసటి ఏడు ఫలితాలు ఫీజు గడువుకు ముందే వచ్చాయి. ధర్నాలు వద్దని నేననడం లేదు. ఎవరి గది ముందు కూర్చోవాలో ఫైలు చెబుతుంది.

సమాచార హక్కు చట్టం సంగతి కొంచెం. 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉంది. నాలుగో సెక్షన్ ప్రకారం మీరు అడగకముందే పదిహేడు రకాల వివరాలు ప్రకటించాలి. అధికారుల బాధ్యతలు, నిర్ణయం ఏ మెట్లెక్కి వెళ్తుంది, బడ్జెట్, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఈ రాత్రి మీ యూనివర్సిటీ వెబ్‌సైటు తెరిచి పదిహేడులో ఎన్ని ఉన్నాయో, ఏ ఏడాదివో లెక్కపెట్టండి. విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకుల కోసం ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు పంపే సమాచారంలో ఖర్చులు, ప్లేస్‌మెంట్ల జీతాలు ఉంటాయి. క్యాంపస్‌లో చెప్పే ప్లేస్‌మెంట్లతో వాటిని పోల్చండి. మీ జవాబు పత్రం మీరు చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో సీబీఎస్‌ఈ కేసులో తేల్చింది. కంపెనీ సెక్రటరీల సంస్థ ఒక్కో పేపరు నకలుకు 500 రూపాయలు అడిగితే, స.హ. చట్టం కింద అడిగినవారికి ఆ చట్టం రేటే వర్తిస్తుందని 2019లో అదే కోర్టు చెప్పింది.

ప్రైవేటు కాలేజీల పిల్లలు మాకీ చట్టం వర్తించదనుకుంటారు. ప్రభుత్వ నిధులు గణనీయంగా అందే సంస్థలకు వర్తిస్తుంది. మిగతా కాలేజీలకు అనుబంధ గుర్తింపు ఇచ్చేది యూనివర్సిటీయే కదా? తనిఖీ బృందం వచ్చినప్పుడు లేబొరేటరీలో ఏం చూసింది, ఎంతమంది అధ్యాపకులున్నారని రాసుకుంది, ఆ రిపోర్టు యూనివర్సిటీ దగ్గర ఉంటుంది. అక్కడ అడగండి. ఆ జాబితాలోని అధ్యాపకులు మీకు ఎప్పుడైనా పాఠం చెప్పారో లేదో మీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. పెద్దాయనకు పెళ్లిరోజు తెలిసినట్టే.

హాస్టల్‌లో డివైడింగ్ మెస్ ఉన్నవాళ్లు నెల బిల్లు దగ్గర మొదలుపెట్టండి. మొత్తం ఖర్చును భోజన దినాలతో భాగిస్తారు. ఖర్చు మీద అందరి చూపూ ఉంటుంది, బియ్యం ధర, పాల ధర. భాజకం మీద, అంటే ఆ భోజన దినాల లెక్క మీద, ఉండదు. మెస్ కట్ రిజిస్టర్లో సెలవు తీసుకున్నవాళ్లను తీసేసి, గెస్టులుగా తిన్నవాళ్లను కలిపి మీరే ఒక నెల లెక్క వేయండి.

దారి సాఫీగా ఉంటుందని నేను చెప్పను. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేరు. ఆ రోజుల్లో రెండో అప్పీలు వినే నాథుడు లేడు. 2023 డేటా రక్షణ చట్టం, వ్యక్తిగత సమాచారం అనగానే నిరాకరించే వీలును పెంచింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే స.హ. చట్టం 8(2) సెక్షన్ మాత్రం అలాగే ఉంది. అప్పీలులో దాన్ని రాయండి. మనం కూడా ఎవరి ఇంటి సంగతులూ, ఎవరి జబ్బులూ, తోటి విద్యార్థుల మార్కులూ అడగవద్దు. కాంట్రాక్టు మీద బతుకుతున్న చిన్న ఉద్యోగి మెడకు చుట్టుకునేలా ప్రశ్న రాయవద్దు. నిర్ణయం తీసుకునే అధికారం ఎవరికుందో వాళ్ల దాకా వెళ్లేలా రాయండి.

ఇందాక టీ తాగుతుంటే ఒక చెల్లెలు పక్కకు పిలిచింది. "అక్కా, నా థీసిస్ మీద గైడ్ సంతకం కావాలి. డిపార్ట్‌మెంట్ మీద దరఖాస్తు వేస్తే నా గతేంటి?" అంది. ధైర్యంగా ఉండమ్మా అనడం నాకు తేలిక. అయిదేళ్ల చదువు పణంగా పెట్టేది తను.

ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. దరఖాస్తు ఈ దేశ పౌరులెవరైనా వేయవచ్చు. ఎందుకు అడుగుతున్నావని అడిగే హక్కు వాళ్లకు లేదు, ఆరో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఈ హాల్లో నాలుగైదు యూనివర్సిటీల పిల్లలున్నారు. నీ ప్రశ్న పక్క యూనివర్సిటీ అమ్మాయికి ఇవ్వు, ఆమె పేరు మీద వేస్తుంది. ఆమె ప్రశ్న నువ్వు వెయ్యి. అప్పట్లో నన్ను మా ఊరికి ఎందుకు పంపలేదో అడిగితే మా శిక్షకుడు ఇదే చెప్పాడు: "రేపు పొద్దున నువ్వు మీ ఊళ్లో పనులు చూసే ఆ మేట్ దగ్గరికే కూలికి పోవాలి కదమ్మా."

తెల్లకాగితాలు ఆ చివర బల్ల మీద ఉన్నాయి. పక్క యూనివర్సిటీవాళ్ల పక్కన కూర్చోండి.